‘నెగెటివ్’ చీటీతో తీరని దగ్గు

2025 నాటికి భారతదేశాన్ని క్షయ రహితం చేస్తామని కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో ఢిల్లీ సదస్సు వేదికగా ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి విధించిన గడువు 2030 కాగా, అంతకు ఐదేళ్ళు ముందుగానే గమ్యం చేరాలన్నది నాటి సంకల్పం. ఆ గడువు కాస్తా ముగిసింది. 2015తో పోల్చితే కొత్త కేసులు 80 శాతం తగ్గవలసి ఉండగా, 2024 వరకు తగ్గినవి 21 శాతం మాత్రమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నవంబరులో వెలువరించిన నివేదిక తెలియజేస్తున్నది. లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 187కు దిగివచ్చాయి. ప్రపంచ సగటు తగ్గుదల కంటే ఇది మెరుగైనదే. అయినప్పటికీ ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నలుగురిలో ఒకరు నేటికీ ఈ దేశంలోనే ఉన్నారన్నది విస్మరించరాని వాస్తవం.

మందులు లేకపోవడం ఈ వైఫల్యానికి ప్రధాన కారణం కాదు. ఆరు నెలల మందులను ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. లోపమంతా రోగాన్ని సకాలంలో కనిపెట్టడంలో ఉన్నది. 2019-21 సంవత్సరాల మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేలో, రోగ లక్షణాలు ఉన్నవారిలో దాదాపు 64 శాతం మంది అసలు వైద్యుని వద్దకే వెళ్ళలేదని తేలింది. వెళ్ళినవారి సంగతి ఏమిటన్నది తరువాతి ప్రశ్న. వారిలో అనేకులు కఫం పరీక్ష చేయించుకుని, ‘నెగెటివ్’ అని రాసిన చీటీతో ఊరికి తిరిగివస్తారు. రోగం లేదన్న భరోసాతో పనిలో పడతారు. దగ్గు మాత్రం ఆగదు. రెండు రాష్ట్రాల నడుమ బతుకుతున్న సరిహద్దు పల్లెలలో ఈ చీటీ కలిగించే భ్రమ మరింత ప్రమాదకరం.

పల్లెకు సూక్ష్మదర్శిని వచ్చిన వైనం

1882 మార్చి 24న జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ తేదీనే ఏటా ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నారు. అయితే ఆ సూక్ష్మజీవిని వెదికే సాధనం భారతీయ పల్లె దాకా రావడానికి దారి చూపిన పరిశోధనలు జరిగినది ఎక్కడో కాదు, దక్షిణాది సరిహద్దు ప్రజలు నిత్యం రాకపోకలు సాగించే ప్రాంతాలలోనే.

మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం, శానిటోరియంలో చేర్చకుండా ఇంటివద్దనే మందులు ఇచ్చినా క్షయ నయమవుతుందని 1959లో నిరూపించింది. అదే సంవత్సరం బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెలలో రోగులను కలిసి విచారించారు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పావగడ ఆ జిల్లాలోనిదే. పల్లెటూరి రోగికి తన రోగం పట్ల స్పృహ ఉండదన్న అభిప్రాయం పట్టణ వైద్యులలో అప్పట్లో బలంగా ఉండేది. 1963లో ప్రచురితమైన ఆ అధ్యయనం ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. కఫంలో సూక్ష్మజీవులు కనిపించిన రోగులలో అత్యధికులకు తమకు ఏదో జబ్బు చేసిందన్న ఎరుక ఉన్నది. సగానికి పైగా అప్పటికే ఆసుపత్రి మెట్లు ఎక్కి వచ్చారు. అక్కడ వారికి దక్కినది దగ్గు మందు సీసా.

రోగి వస్తున్నాడు, పరీక్ష మాత్రం జరగడం లేదు అన్నదే తుమకూరు నేర్పిన పాఠం. సాధారణ ఆసుపత్రులలోనే సూక్ష్మదర్శినితో కఫాన్ని పరీక్షించాలన్న పద్ధతి 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమానికి ఆయువుపట్టు అయింది. 1997లో విస్తరణ మొదలై 2006 మార్చి నాటికి దేశమంతటికీ చేరిన సవరించిన కార్యక్రమంలో, లక్ష జనాభాకు ఒకటి, కొండ ప్రాంతాలలోను గిరిజన ప్రాంతాలలోను యాభై వేలకు ఒకటి చొప్పున సూక్ష్మదర్శిని కేంద్రాలను నెలకొల్పడం ప్రమాణమైంది. రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి వంటి జిల్లాలకు ఈ సడలింపే ఆధారం. ఆనాటి కార్యక్రమం పేరు 2020 జనవరిలో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా మారింది.

గాజు పలక మీద ఏమి జరుగుతుంది

పరీక్ష చూడడానికి సామాన్యమైనది. కఫంలో చిక్కగా, పసుపు రంగులో ఉన్న భాగాన్ని పుల్లతో తీసి గాజు స్లైడు మీద పలుచగా పూస్తారు. ఆరిన పూతను వేడితో స్థిరపరచి, దాని మీద ఎర్రని కార్బాల్ ఫ్యూక్సిన్ రంగు పోసి ఆవిరి వచ్చేవరకు వెచ్చబెడతారు. క్షయ సూక్ష్మజీవి చుట్టూ మైనం వంటి దళసరి పొర ఉంటుంది. వేడికి రంగు ఆ పొరలోకి దిగుతుంది. తరువాత 25 శాతం గంధకామ్లంతో కడిగితే తక్కిన వాటన్నిటి రంగు పోతుంది గాని, క్షయ సూక్ష్మజీవి మాత్రం తన ఎరుపును విడువదు. చివరగా మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేస్తారు. అప్పుడు నీలి నేపథ్యంలో సన్నని ఎర్రని పుల్లల వలె సూక్ష్మజీవులు కనబడతాయి. ఆమ్లానికి లొంగని ఈ గుణాన్ని బట్టే చీటీ మీద ‘ఏఎఫ్‌బీ’ అన్న పొడి అక్షరాలు ఉంటాయి. జర్మన్ వైద్యులు జీల్, నీల్సన్‌ల పేర పిలిచే ఈ పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకాల నాటిది. అనేక కేంద్రాలలో ఇటీవలి కాలంలో ఎల్‌ఈడీ దీపపు సూక్ష్మదర్శినులు వచ్చాయి. వాటిలో సూక్ష్మజీవులు నల్లని తెర మీద మెరుస్తూ కనబడతాయి. చూడడానికి పట్టే సమయం తగ్గుతుంది, పట్టుబడే కేసులు కొంత పెరుగుతాయి.

చీటీ మీద రాసే గుర్తుల అర్థం తెలిసిన కుటుంబాలు తక్కువ. పాత పద్ధతిలో సాంకేతిక నిపుణుడు నూనె చుక్క వేసిన కటకంతో నూరు చోట్ల చూస్తాడు. నూరు చోట్లా ఒక్కటీ కనిపించకపోతే ‘నెగెటివ్’. నూరు చోట్లలో కలిపి ఒకటి నుంచి తొమ్మిది వరకు కనబడితే ‘స్కాంటీ’ అని రాసి ఆ సంఖ్యను పక్కనే వేస్తారు. పది నుంచి తొంభై తొమ్మిది వరకు ఉంటే 1 ప్లస్. ఒక్కొక్క చోట ఒకటి నుంచి పది వరకు ఉంటే 2 ప్లస్. పదికి మించితే 3 ప్లస్. ప్లస్‌ల సంఖ్య పెరిగినకొద్దీ దగ్గు తుంపరల ద్వారా ఇంటిల్లిపాదికీ సోకే ప్రమాదం పెరుగుతుంది. ‘స్కాంటీ’ అనే మాటను ‘లేదు’ అని అర్థం చేసుకుని ఊరుకోవడం పొరపాటు. అది కూడా రోగాన్ని సూచించేదే.

‘నెగెటివ్’ అనగా అర్థం

అసలు చిక్కు ‘నెగెటివ్’ అన్న మాటలోనే ఉన్నది. స్లైడు మీది పూతలో దాదాపు పది వేల దృశ్య క్షేత్రాలు ఉంటాయని లెక్క. నిపుణుడు చూసేవి అందులో నూరు, అంటే నూరింట ఒక వంతు. ఒక మిల్లీలీటరు కఫంలో ఐదు వేల నుంచి పది వేల వరకు సూక్ష్మజీవులు ఉంటే తప్ప అవి సూక్ష్మదర్శినికి నమ్మకంగా చిక్కవు. అంతకంటే తక్కువ ఉన్న రోగి కూడా రోగియే. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షతో పోల్చితే, సూక్ష్మదర్శిని సుమారు సగం కేసులను మాత్రమే పట్టుకోగలుగుతున్నదని వైద్య రంగం అంగీకరించిన విషయం. పిల్లలలో, హెచ్‌ఐవీ సోకినవారిలో అది పట్టేవి ఇంకా తక్కువ. ఊపిరితిత్తులకు వెలుపల, మెడ గ్రంథులలోనో వెన్నెముకలోనో ఉన్న క్షయను కఫంలో వెదకడం వృథా.

కాబట్టి నెగెటివ్ అనగా ‘ఈ స్లైడులో, చూసినంత మేర, కనిపించలేదు’ అని మాత్రమే అర్థం. ‘ఈ మనిషికి క్షయ లేదు’ అని కాదు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న దూరంలోనే ప్రాణాలు పోతున్నాయి. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కఫంలో నెత్తురు చార వంటి లక్షణాలు ఉండి చీటీ నెగెటివ్‌గా వస్తే, ఛాతీ ఎక్స్‌రే తీయించి అణు పరీక్షకు పంపడమే సరైన వైద్య క్రమం. జాతీయ సర్వేలో నిర్ధారణ అయిన రోగులలో దాదాపు 43 శాతం మంది, ఎక్స్‌రే లేకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే దొరికేవారే కారు. 2024 డిసెంబరు 7న హర్యానాలోని పంచకులలో ప్రారంభమైన నూరు రోజుల ప్రచారోద్యమంలో చేతితో మోసుకుపోగల ఎక్స్‌రే యంత్రాలను పల్లెలకు తరలించడం వెనుక ఉన్నది ఈ గుణపాఠమే.

ఉమ్మి వేరు, కఫం వేరు

నెగెటివ్ చీటీలలో కొన్నింటికి సూక్ష్మదర్శిని బాధ్యత ఎంత మాత్రమూ లేదు. డబ్బాలో చేరినది కఫం కాక నోటి ఉమ్మి అయినప్పుడు ఎంత నిపుణుడైనా చేయగలిగినది లేదు. సరిహద్దులో ఈ సమస్యకు భాష కూడా తోడవుతున్నది. కన్నడంలో ఆరోగ్య కార్యకర్త ‘కఫ’ అంటే తెలుగువారికి ఇబ్బంది లేదు. మహారాష్ట్రలో అడిగేది ‘థుంకీ’. ఆ మాటకు ఉమ్మి అన్నదే వాడుక అర్థం కావడంతో, విన్నవారు ఉమ్మి వేసి ఇచ్చే అవకాశం ఎక్కువ. తమిళనాట ‘సళి’ అంటారు. ఆ మాట మామూలు జలుబుకూ వర్తిస్తుంది. ఒడిశాలో ‘ఖంకార’ అనేది కొత్త కోడళ్ళకు, వలస కూలీలకు కొరుకుడు పడదు. తెలుగులోనే ఒకచోట తెమడ, ఒకచోట గళ్ళ, మరొకచోట కళ్ళె. ఏ మాట వాడినా, ఛాతీ లోతు నుంచి దగ్గి తెచ్చినది కావాలన్న సంగతి చెప్పకపోతే ప్రయోజనం ఉండదు.

ఆడవారి విషయంలో సంకోచం మరొక అడ్డంకి. నలుగురి ఎదుట గట్టిగా దగ్గి ఉమ్మడం మర్యాద కాదన్న భావంతో వారు నోటి నీటితో సరిపెడతారు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో మూడు వేల మందికి పైగా జరిపిన పరిశీలనను 2007లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కఫం ఎలా ఇవ్వాలో ముందుగా వివరించి చెప్పిన స్త్రీలలో 13 శాతం మందికి పాజిటివ్ రాగా, ఏమీ చెప్పనివారిలో 8 శాతం మందికే వచ్చింది. పురుషులలో చెప్పుకోదగిన తేడా లేదు. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. రెండు నిమిషాల మాట చెప్పినందుకే అంత తేడా కనిపించింది.

ఆ రెండు నిమిషాలలో చెప్పవలసినది కొద్దిపాటే. ముందుగా నీటితో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, గాలి ఆడే చోట, ఇతరులకు దూరంగా నిలబడాలి. రెండు మూడు సార్లు నిండుగా ఊపిరి పీల్చి వదలి, ఆపై ఛాతీలోంచి బలంగా దగ్గాలి. కనీసం రెండు మిల్లీలీటర్ల చిక్కని కఫం డబ్బాలో పడాలి. మూత బిగించాలి. పేరు మూత మీద కాక డబ్బా పక్కన రాయాలి, ఎందుకంటే మూతలు తారుమారు అవుతాయి. దేశంలో 2009 నుంచి మూడింటికి బదులు రెండు నమూనాలు తీసుకుంటున్నారు. ఒకటి కేంద్రానికి వెళ్ళినప్పుడు ఇచ్చేది, రెండవది తెల్లవారి లేవగానే ఇంటివద్ద పట్టి తెచ్చేది. రాత్రంతా ఛాతీలో పేరుకున్న కఫం కనుక తెల్లవారుజాము నమూనాకే విలువ ఎక్కువ. ఊరు దూరమనో, కూలి పోతుందనో రెండవ డబ్బా ఇవ్వకుండా ఊరుకుంటే పరీక్ష సగమే జరిగినట్లు. డబ్బాను ఎండ తగలకుండా అదే రోజు కేంద్రానికి చేర్చాలి.

కొత్త యంత్రం వచ్చినా తీరని అవసరం

సూక్ష్మదర్శిని స్థానాన్ని నేడు అణు పరీక్షలు క్రమంగా ఆక్రమిస్తున్నాయి. సీబీనాట్ అనే యంత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. గోవాకు చెందిన సంస్థ రూపొందించిన ట్రూనాట్‌కు 2020లో ఆమోదం లభించింది. ఇవి సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెదుకుతాయి. మిల్లీలీటరుకు నూటముప్పై ప్రాంతంలో సూక్ష్మజీవులు ఉన్నా సీబీనాట్ పసిగట్టగలదు. సుమారు రెండు గంటలలో ఫలితం వస్తుంది. ప్రధాన ఔషధమైన రిఫాంపిసిన్‌కు రోగం లొంగుతుందా లేదా అన్నది కూడా తెలుస్తుంది. సూక్ష్మదర్శినికి ఈ చివరి సంగతి ఎన్నటికీ తెలియదు. అందుచేతనే స్లైడు పాజిటివ్‌గా వచ్చినవారికి సైతం అణు పరీక్ష చేయాలన్న నియమం ఉన్నది. ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి విద్యుత్తు నిలకడ లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అనువైనది.

అలాగని సూక్ష్మదర్శినిని అటక ఎక్కించే రోజు ఇంకా రాలేదు. అణు యంత్రాలు, వాటికి కావలసిన చిప్పులు, కార్ట్రిడ్జిలు అందుబాటులో లేని చోట మొదటి పరీక్ష స్లైడే. మందులు వాడుతున్న రోగికి గుణం కనబడుతున్నదా అని చూడడానికి రెండు నెలల చివర, చికిత్స ముగింపున మళ్ళీ కఫాన్ని సూక్ష్మదర్శిని కిందనే చూస్తారు. చనిపోయిన సూక్ష్మజీవుల జన్యు పదార్థం శరీరంలో చాలా కాలం నిలిచి ఉండడం వలన అణు పరీక్ష ఆ పనికి పనికిరాదు. దగ్గు తగ్గింది కదా అని ఈ పరీక్షలకు వెళ్ళకపోతే, మందు పనిచేయని రోగి ఎవరో తెలియకుండానే పోతుంది.

సాంకేతిక నిపుణుని భారాన్ని కూడా గుర్తించాలి. రోజుకు 20-25 స్లైడ్లకు మించి చూస్తే కళ్ళు అలసి తప్పులు దొర్లుతాయని వైద్య గ్రంథాలే హెచ్చరిస్తున్నాయి. చూసిన స్లైడ్లను భద్రపరచి, మొదటి ఫలితం తెలియనివారి చేత కొన్నింటిని తిరిగి చూపించే పర్యవేక్షణ పద్ధతి దేశంలో అమలులో ఉన్నది. ఖాళీ పోస్టులు నింపకుండా యంత్రాలు మాత్రమే కొనడం వలన ఈ పద్ధతి నిలబడదు.

గీతకు అటూ ఇటూ

సరిహద్దు కుటుంబానికి రాష్ట్రాల గీత ఆసుపత్రి దారిలో అడ్డు వస్తుంది. పర్లాకిమిడి వారికి పాతపట్నం పొరుగూరే. సిరొంచ వారు గోదావరి దాటితే కాళేశ్వరం. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే. పావగడ, ములబాగిలు వారు కూలికి బెంగళూరు వెళతారు. కఫం ఒక రాష్ట్రంలో ఇచ్చి, ఫలితం మరొక రాష్ట్రంలో ఉండగా వచ్చి, మందులు మూడవ చోట మొదలుపెట్టవలసిన పరిస్థితి ఇక్కడ వింత కాదు. 2012లో ప్రారంభమైన నిక్షయ్ వ్యవస్థలో ప్రతి రోగికీ ఒక సంఖ్య కేటాయిస్తారు. అది దేశమంతటా చెల్లుతుంది. ఆ సంఖ్య చూపితే వేరే రాష్ట్రంలోని కేంద్రానికి చికిత్సను బదిలీ చేయవచ్చు. చికిత్స కాలంలో పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో వేసే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. దానికీ ఈ సంఖ్యే ఆధారం. రేషన్ కార్డు పక్క రాష్ట్రానిదన్న కారణంగా పరీక్షను గాని మందును గాని నిరాకరించడానికి వీలు లేదు. 1800-11-6666 అనే ఉచిత సహాయ సంఖ్యకు ఫోను చేసి సమాచారం పొందవచ్చు.

కాగితం మీద ఇంత సులువుగా ఉన్నది ఆచరణలో ఎందుకు తడబడుతున్నదో ఊహించడం కష్టం కాదు. ఆ సంఖ్య ఒకటి ఉందన్న సంగతే రోగికి తెలియదు. చీటీ ఆంగ్లంలోనో, ఇంట్లో పెద్దలకు చదవరాని రాష్ట్ర భాషలోనో ఉంటుంది. ఊరు మారిన రోగిని పాత కేంద్రం ‘రావడం మానేశాడు’ అని రాసుకుంటే, కొత్త ఊరికి అతడు వచ్చినట్లే తెలియదు. పెళ్ళి కావలసిన ఆడపిల్ల అయితే కుటుంబమే గుట్టుగా ఉంచుతుంది. చేతికి అందిన నెగెటివ్ చీటీ ఆ గుట్టుకు మంచి సాకు అవుతుంది. ఆ గుట్టు ఖరీదు ఆ పిల్ల ఊపిరితిత్తులే కాదు, ఒకే గదిలో పడుకునే చిన్నపిల్లలవి కూడా.

ఏమి జరగాలి

దీనికి పరిష్కారం కోట్ల రూపాయల పథకం కాదు. సరిహద్దు జిల్లాల సూక్ష్మదర్శిని కేంద్రాలలో కఫం ఇచ్చే విధానాన్ని రాష్ట్ర భాషతో పాటు తెలుగులోనూ గోడ మీద రాయించడం, ఆశా కార్యకర్త ఆ రెండు నిమిషాల మాట విధిగా చెప్పడం మొదటి మెట్టు. ప్రతి నెగెటివ్ చీటీ మీద ‘దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రేకు, అణు పరీక్షకు రావలెను’ అన్న ఒక్క వాక్యాన్ని, వెళ్ళవలసిన కేంద్రం పేరుతో సహా ముద్రించడం రెండవది. గీతకు అటూ ఇటూ ఉన్న జిల్లాల క్షయ అధికారులు నెలకొకసారి కూర్చుని, తమ జాబితాలోంచి జారిపోయిన పేర్లను సరిచూసుకోవడం మూడవది. ఇవేవీ చట్టం మార్చవలసిన పనులు కావు.

కుటుంబాల వంతు కూడా లేకపోలేదు. రెండు డబ్బాలూ ఇచ్చారా, తెచ్చినది కఫమేనా, చీటీ మీద ఏమి రాశారు, నిక్షయ్ సంఖ్య ఎంత అన్న నాలుగు ప్రశ్నలు బడికి వెళ్ళే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అడగగలిగినవే. పాజిటివ్ అని తేలితే ఇంట్లోని వారందరినీ, ముఖ్యంగా ఐదేళ్ళలోపు పిల్లలను, పరీక్షకు తీసుకువెళ్ళాలి. రోగం లేనివారికి నివారణ మందులు కూడా ప్రభుత్వమే ఇస్తున్నది. అరవై ఏళ్ళ క్రితం తుమకూరు పల్లె రోగి ఆసుపత్రికి వెళ్ళి దగ్గు మందు సీసాతో తిరిగివచ్చాడు. నేటి రోగి నెగెటివ్ చీటీతో తిరిగివస్తున్నాడు. దగ్గు ఆగనంత కాలం ఆ చీటీని చివరి మాటగా తీసుకోకుండా మళ్ళీ కేంద్రానికి వెళ్ళి తదుపరి పరీక్ష అడగడం రోగి హక్కు, అది చేయించడం ప్రభుత్వ బాధ్యత.